నాలుగు గేర్లా, ఐదు గేర్లా

గేర్‌బాక్స్ సంగతి ఎత్తేదాకా రోలండ్ సగ్డెన్‌కి ఫోన్ చేసేవాళ్ళు ఎవరూ లేరు.

అతను హెల్మ్‌షా ఊరి పైన గుట్ట మీద ఉన్న రిజర్వాయరుకి కాపలాదారుగా పనిచేసి రిటైరయ్యాడు. గేట్లు తిప్పడం, నీటిమట్టం చూసుకోవడం, గొర్రెలు కట్ట ఎక్కితే అదిలించడం, ఇదీ అతని ఉద్యోగం. పొద్దున్న ఎక్కితే సాయంత్రం దిగేదాకా పలకరించే మనిషి ఉండడు. పెళ్ళి వద్దనుకున్నవాడేం కాదు. ఎవర్నైనా అడగాలంటే ముందు వాళ్ళతో మాట కలపాలి, అక్కడే ఆగిపోయాడు. తల్లి పోయాక, మిల్లు వెనక వరసలో ఆ చిన్న ఇల్లు అతనొక్కడికే మిగిలింది. రిటైరైనప్పుడు చేతికొచ్చిన డబ్బుతో, ఏ పూట ఏ బుద్ధి పుట్టిందో గానీ, విడి ముక్కలుగా వస్తే ఇంట్లోనే బిగించుకునే కిట్ కారొకటి తెప్పించుకున్నాడు.

కారంటే ఇనుప చట్రం ఒకటి, మిగతాదంతా అట్టపెట్టెలు. రెండు సీట్లు, పైకప్పు లేదు, తలుపులు లేవు. ఇంటి వెనక సందులో ఒక గారేజీ అద్దెకు తీసుకుని, రెండు చలికాలాలు అందులోనే గడిపాడు. రేకులు కొట్టాడు, రివెట్లు బిగించాడు, బ్రేకు గొట్టాలు వంచాడు. పాత కారులోంచి తీసిన ఇంజను ఒకటి కొని ముందు భాగంలో కూర్చోబెట్టాడు. ఇక గేర్‌బాక్స్ ఎక్కించాలి.

ఇలా ఇంట్లో కార్లు కట్టుకునేవాళ్ళకి ఆ చుట్టుపక్కల ఒక క్లబ్బు ఉంది. నెలకోసారి, మంగళవారం సాయంత్రం, ప్యాక్‌హార్స్ అనే పబ్బులో వెనకగదిలో కలుస్తారు. రోలండ్ అప్పటికి ఏడాదిగా వెళ్తున్నాడు. బల్ల చివర కూర్చుని, అరగ్లాసు బీరు గంటన్నర తాగి, వాళ్ళు నవ్వినప్పుడు నవ్వి వచ్చేసేవాడు. అతని పేరు సగం మందికి తెలీదు.

ఒక మంగళవారం డగీ పికిల్స్ అనే ఆయన బల్ల అవతలినుంచి కేకేశాడు. డగీ టైల్స్ పరిచే కాంట్రాక్టరు, సెలవు దొరికితే రేసు ట్రాక్ మీద ఉంటాడు, గొంతు పెద్దది.

"ఏమోయ్, చివర కూర్చున్నాయనా! నీ కారెంతదాకా వచ్చింది?"

"ఇంజను పెట్టాను."

"గేర్‌బాక్స్?"

"ఇంకా ఏం అనుకోలేదు. నాలుగు గేర్లదా, ఐదు గేర్లదా అని..."

అంతే. బల్లంతా లేచింది.

"నాలుగే! అనుకోవడానికేముంది అందులో?" అన్నాడు డగీ. "చిన్నది, తేలిక, చేత్తో ఎత్తి లోపలికి తోసేయొచ్చు. గేరు మారుస్తుంటే తుపాకీ గొళ్ళెం వేసినట్టుంటుంది."

"ఆ, తుపాకీయే. పెద్ద రోడ్డెక్కితే ఆ మోతకి చెవుల్లోంచి రక్తం కారుద్ది," అంది పక్కనున్న ఈనిడ్ బారక్లఫ్. ఆవిడ పాత కార్లు విప్పి సామాన్లు అమ్మే యార్డు నడుపుతుంది. ఆ గదిలో ఉన్న కార్లలో సగానికి ఏదో ఒక ముక్క ఆవిడ దగ్గర్నుంచి వచ్చిందే. "ఐదో గేరుంటే ఇంజను కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. ఈయన వయసేంటి, నీ రేసులేంటి?"

"ఐదుదైతే సీట్ల మధ్య రేకు సొరంగం కొయ్యాలి కదా!"

"కోస్తే ఏం పోయింది?"

ఆ రాత్రి పబ్బు మూసే గంట కొట్టేదాకా రోలండ్ గేర్‌బాక్స్ మీదే మాటలు నడిచాయి. ఎవరో అతనికి ఒక బీరు కొనిపెట్టారు. లేవబోతుంటే ఇద్దరు ఫోన్ నంబరు అడిగి తీసుకున్నారు. పబ్బు నుంచి ఇంటికి నడుస్తూ రోలండ్ తనలో తనే నాలుగు, ఐదు, నాలుగు, ఐదు అనుకున్నాడు. అతనికి పాట పాడాలన్నంత హుషారుగా ఉంది.

ఆ వారంలోనే ఫోన్ మోగింది. డగీ. ఆ తర్వాత ఇంకొకాయన, తన బావమరిది ఐదు గేర్లది పెట్టి ఎలా పశ్చాత్తాపపడ్డాడో చెప్పడానికి. ఆదివారం ఇద్దరు గారేజీకే వచ్చారు, కొలతలు చూస్తామని. రోలండ్ కెటిల్ గారేజీలోకి తెచ్చి పెట్టుకున్నాడు. రెండు కప్పులు చాలక ఇంకో నాలుగు కొన్నాడు. అల్లం బిస్కెట్లు కూడా. ఈనిడ్ యార్డుకి తనే ఫోన్ చేసేవాడు, ఏదో ఒక అనుమానం పెట్టుకుని. గేరు రాడ్డు ఎక్కడ తేలుతుంది? క్లచ్ ప్లేటు ఏది పట్టుద్ది? ఆవిడ ఒక పక్క లారీ డ్రైవరుతో బేరమాడుతూనే అన్నిటికీ జవాబు చెప్పేది.

వేసవి వెళ్ళింది. ఆకురాలే కాలం కూడా సగమైంది. "ఏం తేల్చావు?" అని ఎవరడిగినా, "ఇంకా ఆలోచిస్తున్నా," అనేవాడు. ఆ మాట అన్న ప్రతిసారీ కనీసం పది నిమిషాలు ఎవరో ఒకరు అతని ఎదురుగా కూర్చునేవారు. తను ఎందుకు తేల్చుకోలేకపోతున్నాడో అతనూ ఎప్పుడూ విచారించుకోలేదు.

నవంబరులో ఒక శనివారం ఈనిడ్ వ్యాను సందులో ఆగింది. వెనక తలుపులు తీస్తే రెండు గేర్‌బాక్స్‌లు, పాత దుప్పట్లో పక్కపక్కన పడుకోబెట్టి ఉన్నాయి.

"చూడయ్యా రోలండ్. నీకోసమని ఈ రెండూ దాచిపెట్టి నా షెల్ఫు కుంగిపోతోంది. రెండూ పెట్టి చూద్దాం. కళ్ళతో చూస్తే తేలిపోద్ది."

ఈనిడ్‌కి యాభై ఎనిమిదేళ్ళు. పొట్టి మనిషి, భుజాలు మాత్రం బస్తాలు మోసేవాళ్ళ భుజాలు. నాలుగు గేర్లదాన్ని ఆవిడ దాదాపు ఒక్కతే ఎత్తి చట్రంలోకి దింపింది. అది రెండు సీట్ల మధ్యనున్న రేకు సొరంగంలో ఒరలో కత్తిలా ఇమిడిపోయింది. తర్వాత దాన్ని తీసి, ఐదు గేర్లది ఇద్దరూ రొప్పుతూ దింపారు. అది లావు, పొడుగు. ఎడమవైపు మూలలో రేకుకి ఆనుకుని ఆగిపోయింది.

"డ్రైవరు వైపు జరపలేం, పెడల్స్ ఉన్నాయి," అంది ఈనిడ్. "ఎడం పక్కకే సొరంగం గోడ జరగాలి." ఆవిడ అడగకుండానే పక్కసీటు ఉండాల్సిన చోటికి ఎక్కి, గోనెసంచి మీద కూర్చుని కాళ్ళు ముందుకు చాపింది. సుద్దముక్కతో రేకుల మీద గీత గీసింది. "ఇదిగో, ఇక్కడిదాకా వస్తుంది. అప్పుడు నా ఈ కాలుకి చోటుండదు. ఒంటికాలితో కూర్చోవాలి."

రోలండ్ ఆ గీత వైపు చూశాడు.

"ఇంతకీ ఇక్కడ కూర్చునేదెవరు?" అంది ఈనిడ్.

ఆవిడ మామూలుగానే అడిగింది. ఎంత లావు మనిషి, ఎంత పొడుగు మనిషి అని తెలుసుకోవడానికి. రోలండ్ చేతిలోని గుడ్డ మడతపెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడతపెట్టాడు.

"ఎవరూ లేరండి."

"అక్కో చెల్లో?"

"లేరండి."

"అయితే ఇంకేం, గొడవే లేదు. ఐదుది పెట్టుకో, సుఖపడతావు." ఆవిడ దిగి ప్యాంటు దులుపుకుంది. అతని మొహం చూసి కాస్త తగ్గింది. "సరే, రెండూ ఇక్కడే ఉంచుతాను. ఒకటి తేల్చుకుని రెండోది ఇచ్చెయ్యి. తొందరేం లేదు గానీ, మరీ నేను పోయేదాకా ఆగకు."

ఆ తర్వాతి మంగళవారం రోలండ్ పబ్బుకి ఆలస్యంగా వెళ్ళాడు. వాన పడుతోంది. నడవాలో కోటు విప్పి కొక్కేనికి తగిలిస్తుంటే వెనకగదిలోంచి డగీ గొంతు వినబడింది.

"క్రిస్మస్‌కి తేల్తాడని నేను పందెం కాయను. వచ్చే క్రిస్మస్ అన్నా కాయను! ఆయనకి కావాల్సింది గేర్‌బాక్స్ కాదురా నాయనా, కబుర్లు. తేలిపోతే మనమెవ్వరం వెళ్ళమని భయం."

నవ్వులు. ఆ నవ్వుల్లో ద్వేషమేం లేదు, అది అతనికీ తెలుస్తూనే ఉంది. అందుకే మరీ తగిలింది.

"అంతేలే పాపం," అంది ఈనిడ్ గొంతు. "అయితే అయ్యింది, నీ సొమ్మేం పోయింది? వదిలెయ్యి మనిషిని."

రోలండ్ కోటు మళ్ళీ వేసుకున్నాడు. తలుపు చప్పుడు కాకుండా మూసి, వానలో ఇంటికి నడిచాడు. దారిపొడుగునా డగీ మీద కోపం తెచ్చుకుందామని చూశాడు. రాలేదు. డగీ అన్నదాంట్లో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. అది ఊరందరికీ తెలిసి, తనకి మాత్రం తెలియకపోవడమే అతన్ని దహించింది. ఆ కప్పులు, ఆ బిస్కెట్లు, ఫోన్ మోగితే రెండో మోతకే ఎత్తడం. ఒక్కొక్కటీ గుర్తొస్తుంటే ఆ చీకట్లో, ఎవరూ చూడకుండానే, అతని మొహం కాలిపోయింది.

మర్నాడు పొద్దున్నే గారేజీ తలుపు లోపలినుంచి వేసుకున్నాడు. ఐదు గేర్లది పెడతాడు. పక్కసీటు చోటు కోసేస్తాడు. ఎవరూ లేనప్పుడు ఎవరికోసం దాచడం?

ఎక్కడెక్కడ కొయ్యాలో తెలియాలంటే, ముందు దాన్ని ఇంజనుకి జత చేసి చూడాలి. చట్రం స్టాండ్ల మీద ఎత్తిపెట్టి ఉంది. గేర్‌బాక్స్‌ని చక్రాల జాకీ మీదికెక్కించి, తను వెల్లకిలా కిందికి దూరి, కుడిచేత్తో జాకీ పంపు కొడుతూ ఎడమచేత్తో దాని మూతి ఇంజనుకేసి తిప్పుతున్నాడు. ఇద్దరు చెయ్యాల్సిన పని. ముందునుంచి చూసి, ఇంకాస్త పైకి, ఆగు, అనే మనిషొకడు ఉండాలి. నేల మీది బీటలో జాకీ చక్రం దిగింది. గేర్‌బాక్స్ పక్కకి దొర్లి, ఎడమచేతిని చట్రం కమ్మీకేసి అదిమేసింది.

ముందు నొప్పి తెలియలేదు. లాగబోతే రాలేదు. అప్పుడు తెలిసింది.

అరిచాడు. పక్కింట్లో బట్టలుతికే మిషను తిరుగుతోంది. పిల్లలు బడికి పోయారు, పెద్దలు పనికి పోయారు. మళ్ళీ అరిచాడు. తన గొంతు అంత గట్టిగా విని ఎన్నాళ్ళయిందో, ఎవరిదో అనిపించింది. జాకీ పిడి ఊడి, దొర్లి కాళ్ళవైపు పోయింది, కుడిచేతికి అందదు. కాసేపటికి ఇంట్లో ఫోన్ మోగడం సన్నగా వినబడింది. చాలాసేపు మోగింది. ఎవరో అంతసేపు అతని కోసం పట్టుకుని ఉన్నారు. ఆగిపోయింది. ఆ ఫోన్ ఎవరిదో అతనికి ఎప్పటికీ తెలియలేదు, అడగడానికి మనసొప్పలేదు.

తలుపు కింద వెలుతురు ఒక మూలనుంచి ఇంకో మూలకి జరిగింది. చివరికి ఒక బూటు విడిచి, కాలివేళ్ళతో ఆ పిడిని కొంచెం కొంచెంగా లాక్కున్నాడు. కుడిచేతికి అందాక జాకీ వదులు చేశాడు. గేర్‌బాక్స్ దబ్బుమని అతని పక్కటెముకల పక్కనే నేల మీద పడింది. చేతిని గుండెల మీద పెట్టుకుని అలాగే పడుకున్నాడు. ఏడ్చాడు కూడా, కొద్దిగా.

కప్పులు తుడిచే తువ్వాలు చేతికి చుట్టుకుని, బస్సెక్కి ఆసుపత్రికి వెళ్ళాడు. రెండు వేళ్ళు విరిగాయి, అరచేతికి కుట్లు పడ్డాయి. కట్టు కట్టి నర్సు అడిగింది.

"ఇంటికి తీసుకెళ్ళడానికి ఎవరొస్తున్నారు?"

"బస్సులో వచ్చానమ్మా, బస్సులోనే పోతాను."

"మత్తు మందిచ్చాం కదా, ఒంటరిగా పంపను. ఎవరి నంబరైనా చెప్పండి, నేను చేస్తాను."

రోలండ్ ఆలోచించాడు. నోటికొచ్చిన నంబర్లు మూడు. ఒకటి నీళ్ళ బోర్డు ఆఫీసు. రెండోది, ఫోన్ చేస్తే టైమెంతో చెప్పే గడియారం నంబరు. మూడోది ఈనిడ్ యార్డు.

ఆవిడ గంటలోపు వచ్చింది, చేతులకి గ్రీజు అలాగే ఉంది. అతన్ని వ్యానెక్కించి సీటుబెల్టు తనే పెట్టింది. ఊరు దాటాక అంది.

"ఏది పెడుతుంటే అయింది?"

"ఐదు గేర్లది."

"ఒక్కడివే? ఆ ఏనుగుని? నాకో ఫోన్ కొడితే నీ నోటి ముత్యాలు రాలతాయా?"

రోలండ్ కిటికీలోంచి తడిసిన రాతిగోడలు చూస్తూ ఉన్నాడు. "మంగళవారం నేనొచ్చానండి," అన్నాడు. "నడవాలో ఉన్నాను."

ఈనిడ్ గేరు మార్చింది.

"అనుకున్నాను," అంది. "కొక్కెం కింద నీళ్ళు కారి ఉన్నాయి, కోటు లేదు. డగీగాడికి చెప్పాను. వాడు మూతి ముడుచుకుని కూర్చున్నాడు తర్వాత." వైపర్ల వేగం పెంచి, "తప్పేం అనలేదు గానీ, అనకుండా ఉండాల్సింది. నేనూను," అంది.

"నిజమే కదండి."

"నిజమైతే ఏంటి? మా ఆయన ఊపిరితిత్తులు పోయి నాలుగేళ్ళయింది. ఆక్సిజన్ సిలిండరు పక్కన కూర్చుని టీవీ చూస్తాడు. మాట్లాడితే దగ్గొస్తుందని మాట్లాడడు. నేను యార్డులో ఉన్నంతసేపూ నోరు మూయనిది ఎందుకనుకున్నావు? నువ్వు క్లచ్ ప్లేటు గురించి మూడోసారి అడిగినప్పుడే నాకు తెలుసు, నీకు జవాబు తెలుసని. నాకేం కష్టమైంది? చెప్పాను."

ఇంటి ముందు వ్యాను ఆగింది. ఆవిడ దిగి అతని వైపు తలుపు తీసింది.

"ఆ ఏనుగుని శనివారం వచ్చి పట్టుకుపోనా, కొయ్యడానికి సాయం చెయ్యనా? అది చెప్పు."

"పట్టుకుపోండి. నాలుగు గేర్లది పెడతాను."

"మోతకి చెవుడొస్తుంది."

"రానీండి."

"పక్కన ఎవరూ కూర్చోరన్నావు కదయ్యా?"

"కూర్చోకపోతే ఖాళీగా ఉంటుంది. ఉండనీండి, ఖాళీ నాకలవాటే." రోలండ్ కట్టు కట్టిన చేతిని మరో చేత్తో పట్టుకుని మెట్టు మీద నిలబడ్డాడు. "నేనే కోసి లేకుండా చెయ్యడం మాత్రం... అది వద్దండి."

ఈనిడ్ తలూపింది. "వెళ్ళి పడుకో," అంది.

డగీ ఒక ఆదివారం వచ్చాడు. వాళ్ళావిడ పంది మాంసం పెట్టి కాల్చిన రొట్టె కాగితంలో చుట్టి తెచ్చాడు. క్షమాపణ చెప్పడం రాని మనిషి, అందుకని నేరుగా చట్రం కిందికి దూరి, నాలుగు గేర్లదాన్ని పెట్టి, బోల్టులన్నీ బిగించి బయటికొచ్చాడు. "చూశావా, నేను మొదట్నుంచీ చెప్తున్నది ఇదే," అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "తేలిక, చురుకు. చివరికి నా మాటే విన్నావు."

"అవును," అన్నాడు రోలండ్. అంతకంటే చెప్పాలనిపించలేదు.

ఆ తర్వాత ఫోన్ మోగడం తగ్గిపోయింది. తేలిపోయిన సంగతి గురించి ఎవరు మాత్రం ఏం మాట్లాడతారు? చలికాలమంతా రోలండ్ ఒక్కడే పనిచేశాడు. వంగని రెండు వేళ్ళతో వైర్లు చుట్టాడు, సీట్లు బిగించాడు, రెండూ. వసంతంలో తనిఖీ పాసై కారుకి నంబరొచ్చింది. పబ్బుకి దాంట్లోనే వెళ్ళాడు. అందరూ గ్లాసులు పట్టుకుని బయటికొచ్చి చుట్టూ తిరిగారు, బాగుందన్నారు, డగీ గేరు రాడ్డు కదిపి మురిసిపోయాడు. లోపలికెళ్ళాక మాట ఇంకెవరిదో కారు రేడియేటరు మీదికి మళ్ళింది. రోలండ్ బల్ల చివర కూర్చున్నాడు. ఇప్పుడు అతని పేరు అందరికీ తెలుసు.

మే నెలలో ఒక ఆదివారం ఈనిడ్‌ని ఎక్కించుకున్నాడు. ఆవిడ తలకి రుమాలు గట్టిగా కట్టుకుని, కాళ్ళు రెండూ బారచాపి కూర్చుంది. గుట్ట ఎక్కుతుంటే ఇంజను గోల ఎంతంటే, ఆవిడ ఏదో అరుస్తోంది, ఇతను తలూపుతున్నాడు, ఒక్క ముక్కా వినబడడం లేదు. నాలుగో గేరులో కూడా అంతే. ఆవిడ అరవడం మానేసి నవ్వడం మొదలుపెట్టింది. అది కూడా వినబడలేదు, చూశాడంతే.

పైన మైదానంలో ఆపి, గోడ పక్కన గాలికి ఒదిగి, జున్ను సాండ్‌విచ్‌లు తిన్నారు. మోత ఆగాక ఇద్దరికీ మాటలు దొరకలేదు. గోధుమరంగు గడ్డి, దూరంగా గొర్రెలు. ఈనిడ్ గడియారం చూసుకుంది.

"మూడింటికి మా ఆయన మందు," అంది. "అలవాటు తప్పితే కంగారుపడతాడు."

"పదండి."

యార్డు గేటు దగ్గర దిగి ఆవిడ రుమాలు విప్పింది. జుట్టంతా ఒకవైపుకి పోయింది. "వెన్ను విరిగింది," అంది. "చెవులు పోయాయి." కాస్త నిలబడి కారు మీద అరచెయ్యి వేసి, "మంచి పని చేశావయ్యా," అని లోపలికెళ్ళిపోయింది. ఆ మాట దేని గురించో అతనికి స్పష్టంగా తెలియలేదు. మళ్ళీ ఎప్పుడని ఆవిడా అనలేదు, ఇతనూ అడగలేదు.

ఊళ్ళోకి దిగుతుండగా వాన మొదలైంది. కప్పు లేదు కనక చొక్కా, టోపీ తడిసి ముద్దయ్యాయి. కూడలి దగ్గర ఎర్రదీపం పడితే ఆగాడు. పక్కనే ఒక బస్సు ఆగింది. పైఅంతస్తు కిటికీలోంచి ఒక ముసలావిడ, మోకాళ్ళ మీద సంచి పెట్టుకుని, తన కిందగా వానలో కూర్చుని ఉన్న ఈ మనిషిని వింతగా చూస్తోంది. రోలండ్ ఏమనుకున్నాడో, చెయ్యెత్తాడు. ఆవిడ చుట్టూ చూసింది, తనకేనా అన్నట్టు. తర్వాత అద్దం మీది ఆవిరి చేత్తో తుడిచి, తనూ చెయ్యెత్తింది.

దీపం పచ్చగా మారింది. బస్సు నేరుగా వెళ్ళిపోయింది. రోలండ్ మొదటి గేరు వేసి, ఎడమవైపు సందులోకి తిరిగాడు.